నిద్ర కరువైన పెద్దలు, ఇంట్లోవారి సాయం

ఇంట్లో పెద్దవారి నిద్ర చెడిందంటే దాని వెనక కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. పక్క మీద వాలినా కునుకు రాకపోవడం ఒకటి. కునుకు వచ్చే వేళకు కాళ్ళు లాగి లేపేయడం ఇంకొకటి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం మూడోది. ఇది ఉన్నవారు నిద్ర పట్టడం లేదని చెప్పనే చెప్పరు, రాత్రి బాగానే పడుకున్నామంటూ పగలంతా కునికిపాట్లు పడతారు. కలలో ఎవరితోనో కలబడుతూ నిజంగానే చేతులూ కాళ్ళూ విసరడం నాలుగోది. వీటన్నిటికీ ఒకే మందు లేదు. పైగా ఒకదానికి వేసిన బిళ్ళ ఇంకొకదాన్ని ముదరబెడుతుంది. నిద్రబిళ్ళ కోసం మందుల షాపుకి వెళ్ళేముందు ఆ రాత్రిళ్ళు అసలేం జరుగుతోందో ఇంట్లోవారు కనిపెట్టవలసింది అందుకే.

వయసు మళ్ళితే నిద్ర తగ్గుతుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. 65 ఏళ్ళు దాటినవారికీ రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. మారేది నిద్ర తీరు. గాఢనిద్ర తగ్గుతుంది, మధ్యలో మెలకువలు పెరుగుతాయి, సాయంత్రం తొందరగా మత్తు వచ్చి తెల్లవారకముందే తెలివి వచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచీ చీకటితోనే లేచి భావనపాడు తీరంలో పడవ ఎక్కిన మత్స్యకారుడు, ఏళ్ళ తరబడి తెల్లవారుజామునే పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి బయలుదేరిన ఆడమనిషి, ముసలితనంలో మూడింటికి లేచి కూర్చుంటే అది జబ్బు కిందికి రాదు. రాత్రి ఎనిమిదికి పడుకుని మూడింటికి లేచిన మనిషి ఏడు గంటలు పడుకున్నట్టే. హైదరాబాదు నుంచి వచ్చి అర్ధరాత్రి దాకా ఫోను చూసి ఏడింటికి లేచే కొడుకు తండ్రి నిద్ర గురించి బెంగపెట్టుకోవడంలో అర్థం లేదు. జబ్బు గుర్తులు గడియారంలో కన్నా పగటిపూటలో ఎక్కువ కనిపిస్తాయి. మాట్లాడుతూ మాట్లాడుతూనే కన్ను మూతపడుతోందా, బస్సు ఎక్కగానే తల వాలిపోతోందా, చిరాకు, మతిమరుపు, పొద్దున్నే తలనొప్పి కొత్తగా వచ్చాయా అన్నవి చూడాలి.

ఇదంతా ఏ ఊరికైనా వర్తించేదే. కోటబొమ్మాళి, టెక్కలి నుంచి పైకి పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం దాకా ఉన్న ప్రాంతంలో మాత్రం దీనికి ఇంకో ముడి ఉంది. అది మూత్రపిండాల జబ్బు. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ఇక్కడి ఉద్దానంలో ఈ జబ్బు ఇరవై ముప్పై ఏళ్ళుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. షుగరు, బీపీ లేనివారికీ వస్తోంది. పొలం పని, తోట పని చేసుకునే కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తోంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. 2020లో వెలువడ్డ ఒక అధ్యయనం ప్రకారం ఉద్దానంలో పెద్దవయసువారిలో సుమారు ఐదో వంతు మందికి మూత్రపిండాల జబ్బు ఉంది. మూత్రపిండం చెడితే చెడే వాటిలో నిద్ర ముందు వరసలో ఉంటుందన్న సంగతి మాత్రం మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చుట్టూ తిరిగే మాటల్లో పెద్దగా వినిపించదు.

రాత్రిపూట మాటిమాటికీ మూత్రానికి లేవడంతోనే నిద్ర చెడటం మొదలవుతుంది. ఉద్దానం జబ్బు మూత్రపిండంలో వడపోత గుత్తులకన్నా వాటి చుట్టూ ఉండే సన్నని గొట్టాలను, వాటి మధ్యనున్న కణజాలాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఆ గొట్టాల పని మూత్రాన్ని చిక్కబరచడం. అవి చెడితే రాత్రి కూడా పలచని మూత్రం ఎక్కువగా తయారవుతుంది. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, ముఖం ఉబ్బదు, నొప్పి ఉండదు, కాబట్టి చాలాకాలం ఎవరికీ అనుమానం రాదు. రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తున్న తండ్రిని చూసి షుగరేమో, ప్రోస్టేటు వాపేమో అనుకోవడం సహజమే. అవీ కారణాలే. ఈ ప్రాంతంలో వాటితోపాటు క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించాలి. ఉప్పుకీ దీనితో సంబంధం ఉంది. రాత్రి అన్నంలోకి ఉప్పుచేప, ఆవకాయ ఉంటే ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండం రాత్రంతా పని చేయవలసి వస్తుంది. పగలంతా కాళ్ళలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి చేరి మూత్రంగా మారుతుంది. సాయంత్రం ఒక గంటసేపు కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుని కూర్చుంటే ఆ నీరు పడుకునేలోపే పోతుంది. లేవవలసి వస్తుందన్న భయంతో పెద్దవారు పగలే నీళ్ళు తాగడం మానేస్తుంటారు. ఎండలో పని చేసేవారికి ఇది ప్రమాదం. ఎన్ని నీళ్ళు తాగాలన్నది జబ్బు దశను బట్టి డాక్టరు చెప్పాలి. డయాలిసిస్ మొదలైనవారికి ఒక లెక్క, ఇంకా తోట పనికి వెళ్తున్నవారికి ఇంకో లెక్క.

ఇక కాళ్ళ సంగతి. సాయంత్రం అయ్యేసరికి పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, గుంజుతున్నట్టు, చీమలు నడుస్తున్నట్టు ఉంటుంది. కదిపితే హాయి, ఆపితే మళ్ళీ మొదలు. పడుకుంటే ఎక్కువ, లేచి నాలుగడుగులు వేస్తే తక్కువ. అర్ధరాత్రి వసారాలో ఆ చివర నుంచి ఈ చివరికి నడిచే తల్లిని చూసి ఇంట్లోవారు దిగులుతో తిరుగుతోందనుకుంటారు. డాక్టరు దగ్గర ఆవిడ కాళ్ళు పీకుతున్నాయని మాత్రమే చెబుతుంది. మోకాళ్ళ అరుగుదలకీ ఆ మాటే, నరాల తిమ్మిరికీ ఆ మాటే. దాంతో నొప్పి బిళ్ళలు రాస్తారు. నిజానికి ఇది నిలవనివ్వని కాళ్ళ జబ్బు. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే ఈ లక్షణాలను వర్ణించాడు. 1945లో స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ దీన్ని సమగ్రంగా వివరించి పేరు పెట్టాడు. డయాలిసిస్ చేయించుకునేవారిలో సుమారు నలుగురికి ఒకరిలో ఇది కనిపిస్తుంది. మామూలు జనంలో ఇంత ఉండదు.

దీన్ని గుర్తించడానికి యంత్రాలు అక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు చాలు. కాళ్ళు కదపాలని బలంగా అనిపిస్తుందా? కదలకుండా ఉంటే పెరుగుతుందా? కదిపితే తగ్గుతుందా? సాయంత్రం, రాత్రి వేళల్లో ఎక్కువా? అన్నిటికీ అవునంటే, వేరే కారణమేదీ కనిపించకపోతే, జబ్బు దాదాపు తేలినట్టే. తల్లికి నోరు తిరగని చోట ఈ ప్రశ్నలకు జవాబులు బిడ్డే డాక్టరుకు చెప్పగలగాలి. ఇక్కడ బిడ్డ చేసే సాయం ఏ మందుకూ తీసిపోదు.

ఆ తరవాత చూడవలసింది ఐరన్. మెదడులో ఐరన్ తగ్గినప్పుడు ఈ జబ్బు వస్తుంది, ఉన్నది ముదురుతుంది. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు, ఫెరిటిన్ అనే పరీక్ష చేయించాలి. అది 75 కన్నా తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం వాడుక. డయాలిసిస్ రోగుల విషయంలో ఆ గీత ఇంకా పైన ఉంటుంది, ఐరన్‌ను నరానికి ఎక్కించవలసి వస్తుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటబట్టదు. సాయంత్రం టీ నిద్రకు చేసే చేటు దీనికి అదనం.

మూడో పని మందుల సంచి విప్పి చూడటం. మూత్రపిండాల రోగికి వాంతులకని మెటోక్లోప్రమైడ్ ఇస్తారు. ఒళ్ళంతా దురదకని ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాత తరం అలర్జీ బిళ్ళలు ఇస్తారు. నిద్రకని అమిట్రిప్టిలిన్ ఇస్తారు. ఇవన్నీ ఈ కాళ్ళ జబ్బును పెంచేవే. దురద తగ్గి మత్తు వస్తుందని వేసుకున్న బిళ్ళ అర్ధరాత్రి మనిషిని వసారాలో నడిపిస్తుంది. ఒక డాక్టరు రాసిన మందు ఇంకో డాక్టరుకు తెలియకపోవడం, మధ్యలో ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చినవి వచ్చి చేరడం ఇందుకు కారణం. చీటీలతోపాటు బిళ్ళల అట్టలు కూడా డాక్టరు బల్ల మీద పెడితే చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి.

నొప్పి బిళ్ళల గురించి వేరే చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఈ కాళ్ళ జబ్బుకు పనిచేయవు, మిగిలి ఉన్న మూత్రపిండాన్ని మాత్రం దెబ్బతీస్తాయి. అయినా ఉద్దానంలో వీటి వాడకం తగ్గలేదు. నిలవనివ్వని కాళ్ళకు గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మందులు పనికొస్తాయి. కాకపోతే ఈ రెండూ మూత్రపిండాల ద్వారానే ఒంట్లోంచి పోతాయి కాబట్టి జబ్బు ఉన్నవారికి మోతాదు బాగా తగ్గించాలి. పక్కింటివారికి పడిన మోతాదే ఇంట్లో పెద్దాయనకూ వేస్తే మత్తు, తూలు, మాట తడబాటు, ఒళ్ళు ఉలికిపడటం మొదలవుతాయి. రోపినిరోల్, ప్రామిపెక్సోల్ అనేవి మొదట్లో అద్భుతంగా పనిచేసి, కొన్నేళ్ళకు జబ్బును సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరుపుతాయి. అందుకే ఇప్పుడు వాటిని మొదటి మందుగా వాడటం తగ్గించారు. ఇంట్లో చేయగలిగినవి చిన్నవే. పడుకునేముందు వేడినీళ్ళలో కాళ్ళు ఉంచడం, పిక్కలు పిసకడం, సాయంత్రం కాస్త నడక. కాళ్ళకు స్పర్శ తగ్గిన షుగరు రోగులకు నీళ్ళ వేడిని ఇంకొకరు చేత్తో చూడాలి.

డయాలిసిస్ రోజుల్లో నిద్ర ఇంకో రకంగా తారుమారవుతుంది. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. టెక్కలి, పలాస, సోంపేటలలో డయాలిసిస్ కేంద్రాలు వచ్చాక విశాఖ ప్రయాణాలు తగ్గాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అయినా పొద్దుటి వంతు దొరికినవారు చీకటితో బయలుదేరాలి. యంత్రం మీద ఉన్నంతసేపూ నిద్రపోతారు, ఇంటికి వచ్చి నీరసంతో మళ్ళీ పడుకుంటారు, రాత్రి కళ్ళు తెరుచుకుని ఉంటారు. వెంట వెళ్ళినవారు ఆ నాలుగు గంటల్లో కొంతసేపైనా మాటల్లో పెట్టడం, ఇంటికి వచ్చాక పగటి కునుకును అరగంటకు కట్టడి చేయడం ఉపయోగపడతాయి. ఇది పూర్తిగా సాధ్యం కాదు, నీరసం అంత ఉంటుంది. రాత్రి నిద్రపోనివ్వని దురదకు స్నానం తరవాత తడి ఆరకముందే కొబ్బరినూనె రాయడం మంచిదే. దురదను పెంచే ఫాస్ఫరస్ రక్తంలో ఎంత ఉందో చూపించడం అంతకన్నా ముఖ్యం.

గురకను నవ్వులాటగా తీసుకునే అలవాటు వల్ల ఊపిరి ఆగే జబ్బు కనబడకుండా పోతుంది. గురక పెద్దగా సాగి సాగి హఠాత్తుగా ఆగిపోతుంది. పది, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు నిశ్శబ్దం. తరవాత గట్టిగా ఎగశ్వాస, మళ్ళీ గురక. గొంతు వెనక కండరాలు వదులై దారి మూసుకుపోవడం వల్ల ఇది జరుగుతుంది. గంటకు అయిదు నుంచి పదిహేను సార్లయితే తక్కువ తీవ్రత, ముప్పై దాటితే తీవ్రం. ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి లేస్తుంది, ఆ సంగతి మనిషికి గుర్తుండదు. బీపీ మందులు రెండు మూడు వేసినా దిగకపోవడానికి ఇదో ముఖ్య కారణం. బీపీ దిగకపోతే మూత్రపిండం మరింత చెడుతుంది.

లావుగా ఉన్నవారికే ఇది వస్తుందనుకుంటే ఈ ప్రాంతంలో చాలామందిని వదిలేసినట్టే. మూత్రపిండాల రోగులు ఎక్కువగా బక్కగా ఉంటారు. వారిలో కాళ్ళలో చేరిన నీరు పడుకున్నాక మెడ వైపు జరిగి గొంతు దారిని నొక్కుతుంది. కెనడాలోని టొరంటో వైద్యులు 14 మంది డయాలిసిస్ రోగులను పరీక్షించి 2001లో ఒక సంగతి ప్రకటించారు. మామూలు డయాలిసిస్‌లో గంటకు సగటున 25 సార్లు ఆగిన ఊపిరి, రాత్రంతా నెమ్మదిగా చేసే డయాలిసిస్‌కు మారాక 8 సార్లకు తగ్గింది. అలాంటి సదుపాయం ఇక్కడ దొరకడం కష్టం. ఒంట్లో నీరు పేరుకోనివ్వకపోతే నిద్ర కూడా బాగుపడుతుందన్న ముక్క మాత్రం ఇక్కడా పనికొస్తుంది. రెండు డయాలిసిస్‌ల మధ్య బరువు ఎంత పెరిగిందో చూసుకోవడం, తలవైపు మంచం కాస్త ఎత్తు చేయడం, వెల్లకిలా కాక పక్కకి తిరిగి పడుకోబెట్టడం ఇంట్లో అయ్యే పనులే. సాయంత్రం కల్లు, సారా గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. నిద్రబిళ్ళలూ అంతే. గురక పెట్టి ఊపిరి ఆగే మనిషికి ఆల్ప్రజోలం ఇవ్వడం ప్రమాదకరం.

దీన్ని తేల్చడానికి నిద్ర పరీక్ష ఉంది. ఒక రాత్రంతా ఊపిరి, గుండె, రక్తంలో ఆక్సిజన్ నమోదు చేస్తారు. విశాఖపట్నంలో చేస్తారు. ఇంట్లోనే కట్టుకుని పడుకునే చిన్న పరికరాలూ వచ్చాయి. పరీక్షకు వెళ్ళేముందు ఫోనులో రెండు మూడు నిమిషాల వీడియో తీసి డాక్టరుకు చూపిస్తే మాటలతో చెప్పలేనిది అర్థమవుతుంది. కొత్తమ్మతల్లి జాతరకో సంక్రాంతికో కోటబొమ్మాళి వచ్చిన పిల్లలు ఈ పని చేసి వెళ్ళవచ్చు. జాతర రాత్రి ఊరంతా మేలుకునే ఉంటుంది కాబట్టి ఆ రాత్రి లెక్కలోకి రాదు, మరో రోజు ఉండాలి. జబ్బు తీవ్రమైతే ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం వాడతారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ వైద్యుడు కోలిన్ సలివన్ దీన్ని 1981లో ప్రకటించాడు. యంత్రం ఖరీదు ఎక్కువే. కొనడంతో పని అయిపోదు. మొదటి రెండు వారాల్లో చాలామంది విసుగుపుట్టి అటక మీద పడేస్తారు. పగటిపూట టీవీ చూస్తూ అరగంట పెట్టుకోవడం అలవాటు చేయించాలి. మాస్కు కొలత సరిపోకపోతే మార్పించాలి. ఈ తీరప్రాంతపు చెమ్మకు గొట్టాల్లో బూజు పట్టకుండా కడిగి ఆరబెట్టాలి. కరెంటు సంగతి సరేసరి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. యంత్రం మీద ఆధారపడిన మనిషి ఉన్న ఇంట్లో ఇన్వర్టరు విలాసం కింద లెక్క కాదు.

కాళ్ళూ ఊపిరీ బాగానే ఉండి నిద్ర రానివారు మిగులుతారు. భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారు, పిల్లలంతా వలసపోయి ఇంట్లో ఒక్కరే ఉన్నవారు ఇందులో ఎక్కువ. అమెరికా వైద్యుల సంఘం 2016లో దీర్ఘకాలపు నిద్రలేమికి బిళ్ళకన్నా ముందు అలవాట్లు మార్చే చికిత్స ఇవ్వాలని చెప్పింది. దాని మూలసూత్రాన్ని రిచర్డ్ బూట్జిన్ 1972లోనే చెప్పాడు. మంచం నిద్రకే ఉండాలి, నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, మత్తు వచ్చాకే తిరిగి రావాలి. పల్లెటూరి ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదు. వసారాలో వేసిన నవారు మంచమే పెద్దాయనకు కుర్చీ, భోజనం పీట, కబుర్ల అరుగు. పగలంతా దాని మీద వాలే మనిషికి రాత్రి అదే మంచం మీద నిద్ర ఎలా వస్తుంది? పగటికి ఒక కుర్చీ వేయడం ఈ చికిత్సలో సగం పని చేస్తుంది. పొద్దున ఒకే వేళకు లేపడం, ఎండ పొడ తగిలేలా కూర్చోబెట్టడం, తోట దాకా నడిపించడం మిగతా సగం. ఎనిమిది గంటలకే పడుకోబెట్టి ఇంట్లోవారు టీవీ చూసుకోవడం వల్ల పెద్దలు అర్ధరాత్రి దాకా దొర్లుతుంటారు, ఇంకాస్త ఆలస్యంగా పడుకుంటే దొర్లడం తగ్గుతుంది. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, తిండి మీద ధ్యాస పోతే, అది నిద్ర జబ్బు కన్నా పెద్దది. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

కలలో కొట్టే, తన్నే జబ్బు అరుదు. 1986లో అమెరికాలోని మినెసోటా వైద్యులు దీన్ని గుర్తించారు. కొందరిలో ఏళ్ళ తరవాత పార్కిన్సన్ వ్యాధికి ఇది ముందు సూచన అవుతుంది కాబట్టి నరాల డాక్టరుకు చూపించాలి. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడం కాలయాపనే. మంచం దించి నేల మీద పక్క వేయడం, దగ్గర్లో కత్తిపీట లాంటివి లేకుండా చూడటం వెంటనే చేయవలసినవి.

ఈ జబ్బులన్నిటిలోనూ అసలు దెబ్బ కొట్టేది చాలాసార్లు ఒక తూలుడు. రాత్రి మూడోసారి లేచిన మనిషి మత్తులో గడప తట్టుకుని పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటాడు. మరుగుదొడ్డి పెరట్లో ఉన్న ఇళ్ళలో దారి పొడవునా చిన్న బల్బు, గోడకు పట్టుకునే కమ్మీ ఉండాలి, ఇవి కుదరనప్పుడు మంచం పక్కనే ఒక పాత్ర ఉంచాలి. సిగ్గుపడి వద్దంటారు. ఆ మాట కొడుకు చెప్తే వినని తండ్రి మనవడు చెప్తే వింటాడు.

దూరాన ఉన్న పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది రెండో మనిషిని. తండ్రి నిద్రపోని ఇంట్లో తల్లీ నిద్రపోదు. కాళ్ళు పిసికేది, మూత్రానికి లేపేది, ఊపిరి ఆగితే భుజం తట్టేది ఆవిడే. ఆవిడకూ బీపీ ఉంటుంది, మందు వేళకు వేసుకోదు. వారానికి రెండు రాత్రులు ఇంకెవరైనా ఆ పక్కన పడుకునే ఏర్పాటు చేయాలి. దగ్గర్లో ఉన్న కూతురు కావచ్చు, చెల్లెలు కావచ్చు, కూలి ఇచ్చి పెట్టుకున్న మనిషి కావచ్చు. డయాలిసిస్ రోగికి 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. అందులో కొంత ఇందుకు ఖర్చు పెడితే తప్పు లేదు. చెన్నై నుంచో బెంగుళూరు నుంచో రోజూ ఫోను చేసే బిడ్డ, బాగున్నావా అనే బదులు రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎందుకు లేచారు, పగలు ఎంతసేపు పడుకున్నారు అని అడిగి వారం రోజులు కాగితం మీద రాసుకుంటే, తరవాతి ఆసుపత్రి ప్రయాణంలో డాక్టరుకు అంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదు.

కొన్ని రాత్రులు మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. మూత్రపిండాల రోగి పగలూ రాత్రీ మత్తుగా ఉండి పిలిస్తే సరిగ్గా పలకకపోయినా, మాట పొంతన లేకుండా వచ్చినా, చదునుగా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చున్నా, కాళ్ళు చేతులు పట్టు తప్పి గుండె దడగా ఉందన్నా అది నిద్రకు సంబంధించిన విషయం కాదు. ఒంట్లో మలినాలో, నీరో, పొటాషియమో హద్దు దాటి ఉండవచ్చు, లేదా వేసిన మందు ఎక్కువై ఉండవచ్చు. అప్పుడు 108కి ఫోను చేసి, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని, డయాలిసిస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళాలి.